చేబదులు పెట్టె: పేదింటి పిల్లల డిగ్రీ మధ్యలో ఆగకుండా నిధి నడిపే పద్ధతి

గడువు 2024 జూన్ 24 సాయంత్రం 5 గంటలు. కట్టాల్సింది 17,500 రూపాయలు. ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దినకూలీ కొడుక్కి ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఊళ్లో తలా కొంత వేసుకుని డబ్బు జమచేసేసరికి పావుతక్కువ ఐదయింది. పోర్టల్‌లో వివరాలు ఎక్కిస్తుండగానే గడువు దాటిపోయి సీటు పోయింది. సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేకాధికారం వాడి ఆ సీటు ఇప్పించింది. ఆ పదిహేడున్నర వేలు రెండ్రోజుల ముందు ఎవరైనా చేబదులిచ్చి ఉంటే కోర్టు మెట్లెక్కే పనే లేదు.

పేద పిల్లల్ని పైచదువు చదివించే సంస్థ పెట్టాలనుకునేవాళ్లు మామూలుగా "ఏడాదికి ఇంత ఫీజు, ఇంతమంది పిల్లలు" అని గుణించి మొదలుపెడతారు. తెలుగు రాష్ట్రాల్లో ఆ గుణకారం దారి తప్పిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు 2008 నుంచి ఉంది కాబట్టి ట్యూషన్ ఫీజులో పెద్ద ముక్క, కాగితం మీదైనా సరే, ప్రభుత్వానిదే. పిల్లలు జారిపోయే చోట్లు వేరే ఉన్నాయి: కౌన్సెలింగ్ వారం, హాస్టల్ అడ్వాన్సు, మొదటి సెమిస్టర్ బ్యాక్‌లాగులు, బకాయిల పేరుతో ఆగిన సర్టిఫికెట్లు. నిధిని ఆ చోట్ల చుట్టూ కట్టాలి. ఎంత ఇస్తున్నామన్న దానికన్నా ఏ తారీఖున ఇస్తున్నామన్నదే సగం పని.

ముందు ఒక్కరి లెక్క

సంస్థ పేరు, లోగో తర్వాత. ముందు ఒక్క విద్యార్థికి నాలుగేళ్ల లెక్క కాగితం మీద వేయండి. ఉదాహరణకు తెలంగాణలో బీసీ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి, ఎప్‌సెట్‌లో 24,000 ర్యాంకు, హైదరాబాద్ శివారు కాలేజీలో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి వచ్చే) బీటెక్ సీటు, కాలేజీ ఫీజు 75,000 అనుకోండి. 10,000 లోపు ర్యాంకైతే బీసీ, ఈబీసీలకు పూర్తి ఫీజు వస్తుంది. దాటితే సాధారణంగా 35,000 వరకే. ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకుతో పనిలేదు, పూర్తిగా వస్తుంది. అంటే ఈ అమ్మాయికి ఏటా తేడా 40,000. యూనివర్సిటీ, ప్రత్యేక ఫీజులు 5,000. హాస్టల్ నెలకు 6,500 చొప్పున పది నెలలకు 65,000. పరీక్ష ఫీజులు, రికార్డులు, జిరాక్సులు 6,000. ఊరికి రాకపోకలు 4,000. వెరసి ఏడాదికి 1,20,000. చేరేటప్పుడు ఒక్కసారి పెట్టే ఖర్చు దీనికి అదనం: ల్యాప్‌టాప్ 35,000; పరుపు, బకెట్టు, ల్యాబ్ కోటు, డ్రాఫ్టర్ లాంటివాటికి 10,000. నాలుగేళ్లకు 5,25,000. ఈ అంకెలు నమూనాకే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. పద్దులు మాత్రం ఒక్కటి కూడా వదలొద్దు. హాస్టల్ పద్దు ట్యూషన్ తేడా కన్నా పెద్దదని చాలామందికి ఈ కాగితం వేశాకే తెలుస్తుంది.

ఇప్పుడు ఏటా అయిదుగురిని కొత్తగా తీసుకుంటే ఏమవుతుందో చూడండి. మొదటి ఏడాది 8.25 లక్షలు. రెండో ఏడాది పదిమంది, 14.25 లక్షలు. మూడో ఏడాది 20.25. నాలుగో ఏడాదికి ఇరవైమంది, 26.25 లక్షలు. ఈ రకం సంస్థలు మునిగేది ఇక్కడే. మొదటి ఏడాది ఉత్సాహంలో స్నేహితులంతా తలా ఒక చెయ్యి వేసి ఎనిమిది లక్షలు ఇట్టే లేపేస్తారు. మూడో ఏడాదికి వచ్చేవి అవే ఎనిమిది లక్షలు, పిల్లలు మాత్రం పదిహేనుమంది. అందుకే ఒక కట్టుబాటు రాసిపెట్టుకోండి: ఒక విద్యార్థిని తీసుకునే రోజుకు ఆ విద్యార్థికి అయ్యే రెండేళ్ల ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి, మిగతా రెండేళ్లకు దాతల రాతపూర్వక మాట ఉండాలి. అవి లేకపోతే ఆ ఏడాది కొత్తవాళ్లను తీసుకోకండి. సగంలో వదిలేసిన సాయం అసలు చేయని సాయం కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. రెండేళ్లు చదివి ఆపేసిన పిల్లకు ఇంటర్ మెమో తప్ప చేతికేమీ రాదు, పైగా రెండేళ్ల కూలీ కూడా పోయింది.

రెండు పెట్టెలు, కలపకూడదు

మొదటిది దానం పెట్టె. హాస్టల్, ఫీజు తేడా, పుస్తకాలు దీంట్లోంచి. వెళ్లిన డబ్బు వెళ్లినట్టే.

రెండోది చేబదులు పెట్టె. ప్రభుత్వం ఇవ్వాల్సిన 35,000 సకాలంలో రాదు. బకాయిలు పేరుకుపోయి తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు 2025లో బందుకు దిగిన సంగతి తెలిసిందే. ఆంధ్రలో 2021 నుంచి ఈ సొమ్ము తల్లుల ఖాతాల్లో వేశారు, ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే పంపే పద్ధతికి వచ్చారు. పద్ధతి ఏదైనా ఆలస్యం ఆలస్యమే. ఈ లోపు కాలేజీ అకౌంట్స్ కౌంటర్‌లో వినిపించే మాట ఒకటే: "ముందు మీరు కట్టండి, గవర్నమెంటు నుంచి వచ్చాక తిరిగిస్తాం." ఆ "ముందు" కోసం తల్లిదండ్రులు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేస్తారు. 35,000 మీద అది నెలకు 1,050. రెండేళ్లు ఆలస్యమైతే వడ్డీయే 25,200. అప్పుడు ప్రభుత్వ సాయంలో నాలుగింట మూడొంతుల దాకా వడ్డీ వ్యాపారికి పోయినట్టు.

చేబదులు పెట్టె ఈ వడ్డీని ఆపుతుంది. ఇరవైమందికి ఏటా 7 లక్షలు తిరుగుతుండాలి. రెండేళ్ల బకాయి పడితే 14 లక్షలు ఇరుక్కుపోతాయి, కాబట్టి అంత తట్టుకునే బలం ఉంటేనే ఇరవైమంది. ఇచ్చేముందు కాలేజీ నుంచి ఒక ఉత్తరం తీసుకోండి: ఫలానా హాల్‌టికెట్ నంబరు విద్యార్థి పేరున ఫలానా విద్యా సంవత్సరానికి సంస్థ ఇంత కట్టింది, రీయింబర్స్‌మెంటు జమైన 30 రోజుల్లో ఈ మొత్తం సంస్థ ఖాతాకు తిరిగి పంపుతాం అని. ఉత్తరం ఇవ్వని కాలేజీకి చేబదులు మొత్తం ఒకేసారి కట్టకుండా సెమిస్టర్‌కు సగం చొప్పున కట్టండి. కాలేజీ ఆ డబ్బును వచ్చే ఏడాది ఫీజులో సర్దుతామంటుంది. అది కూడా పనికొస్తుంది, కానీ నాలుగో ఏడాది సర్దడానికి వచ్చే ఏడాది ఉండదు; ఆ ఒక్క ఏడాదికి మాత్రం ఉత్తరం లేకుండా కదలొద్దు.

రెండు పెట్టెలకు రెండు బ్యాంకు ఖాతాలు తెరవండి. ఒకే ఖాతాలో ఉంటే హాస్టల్ బిల్లుకు తక్కువైన నెలలో చేబదులు సొమ్ము కరిగిపోతుంది, ఎవరూ గమనించరు.

ప్రభుత్వ సొమ్ము ఎక్కడెక్కడ జారిపోతుంది

దరఖాస్తులు సరిగ్గా చూసుకుంటే చాలా ప్రభుత్వ సొమ్ము పోకుండా కాపాడొచ్చు. అందుకని సంస్థలో మొదట పెట్టుకోవాల్సిన ఉద్యోగి దరఖాస్తుల మనిషి. మీసేవలోనో కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లోనో పనిచేసినవాళ్లు దొరికితే వదలొద్దు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్లు. వీటికి రీయింబర్స్‌మెంటు వర్తించదు. కౌన్సెలింగ్ అన్ని విడతలూ అయ్యాక కాలేజీ పీఆర్వో ఫోన్ చేసి "స్పాట్‌లో సీఎస్ఈ ఉంది, ఇప్పుడే వస్తే ఇస్తాం" అంటాడు. బ్రాంచి ఆశకు పిల్లలు వెళ్లి చేరతారు. నాలుగేళ్ల రీయింబర్స్‌మెంటు ఆ సంతకంతో పోతుంది. కన్వీనర్ కోటాలో ఈసీఈయో, సివిలో వచ్చినా అదే మేలని లెక్క చూపించి చెప్పాలి, అదీ జూన్‌లోనే, వెబ్ ఆప్షన్లు పెట్టకముందే.

తర్వాతది పేర్లు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం, బ్యాంకులో మూడో రకం. ఈపాస్‌లో (తెలంగాణ స్కాలర్‌షిప్ పోర్టల్) దరఖాస్తు ఎక్కుతుంది గానీ ధ్రువీకరణ దగ్గర ఆగుతుంది. టెన్త్ మెమోను ప్రామాణికంగా తీసుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా ఏప్రిల్, మే నెలల్లోనే దిద్దించండి. జూన్‌లో ఆధార్ కేంద్రాల దగ్గర నిలబడటానికి చోటుండదు.

బ్యాంకు ఖాతాలో రెండు చిక్కులుంటాయి. ఆధార్ ఖాతాకు లింకైతే చాలదు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ నంబరు మీద వచ్చే డబ్బు ఏ ఖాతాకు వెళ్లాలో చెప్పే నమోదు) ఆ ఖాతాకే ఉండాలి. రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే ఆఖరున మ్యాప్ చేసినదాంట్లోకే డబ్బు వెళుతుంది, పిల్లలు పాత పాస్‌బుక్ పట్టుకుని రాలేదంటారు. రెండోది, పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన 'స్మాల్ అకౌంట్'. దాంట్లో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాది మొత్తం జమలు లక్ష దాటకూడదు, నెలకు 10,000కి మించి తీయకూడదు. స్కాలర్‌షిప్ డబ్బు తీసుకోవడం దగ్గర ఇది అడ్డొస్తుంది. ఆధార్ తీసుకెళ్లి మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్పించడం ఒక పూట పని.

హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. రెన్యువల్ ఏటా చేయాలి. రెండో ఏడాది దానంతటదే వస్తుందనుకుని ఊరుకునేవాళ్లు ప్రతి బ్యాచిలో ఉంటారు.

ఇక ఏ పథకం ఎంచాలన్నది. ఐఐటీ, ఎన్ఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. మిగతావారిలో కుటుంబ ఆదాయం లక్ష లోపైతే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల వరకు మూడింట రెండొంతులు మాఫీ. కాబట్టి అక్కడ మీరు చూసుకోవాల్సింది సీటు అంగీకార ఫీజు, హాస్టల్, మెస్సు. సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ సాంకేతిక కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు ఏటా 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరు. దివ్యాంగులకు సక్షమ్, అదీ 50,000. ఇంటర్‌లో తమ బోర్డులో పైనున్న 20 శాతంలో నిలిచి, ఇంటి ఆదాయం 4.5 లక్షలు దాటనివారికి కేంద్ర స్కాలర్‌షిప్ మొదటి మూడేళ్లు 12,000 చొప్పున వస్తుంది, కానీ రాష్ట్ర రీయింబర్స్‌మెంటు తీసుకుంటే ఇది రాదు. ఇలాంటి షరతు చాలా పథకాల్లో ఉంటుంది. అన్నిటికీ దరఖాస్తు పెట్టేసి తర్వాత చూద్దామంటే ఒకటి ఇంకోదాన్ని రద్దు చేస్తుంది. విద్యార్థి ఫైలు మొదటి పేజీలోనే ఏ పథకం తీసుకుంటున్నారో, ఏది ఎందుకు వదిలేశారో రాయండి.

ఆదాయ పరిమితులు, మొత్తాలు జీవోలతో మారుతుంటాయి. ఏటా జూన్ మొదటి వారంలో ఒకరు కూర్చుని అన్నీ సరిచూడాలి.

పిల్లల్ని ఎంచడం

ఆదాయ ధ్రువపత్రం చూసి ఎంచితే ఎవర్నీ ఎంచనట్టే. ఊళ్లో అందరి పత్రాల్లోనూ దాదాపు అవే అంకెలుంటాయి, ఎకరం చెక్క ఉన్న కుటుంబానికీ అంతే, రెండు ట్రాక్టర్లున్న కుటుంబానికీ అంతే. ఇంటికి వెళ్లాలి. చెప్పకుండా వెళ్లడం మర్యాద కాదు, పొద్దున్నే ఫోన్ చేసి మధ్యాహ్నం వెళ్లండి. ఇద్దరు వెళ్లండి, ఒకరు ఆడమనిషై ఉండాలి. తల్లి ఎదుట అసలు సంగతులు బయటికొస్తాయి.

చూడాల్సినవి: ఆరు నెలల కరెంటు బిల్లులు, పట్టాదారు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్‌కార్డులో ఎన్ని పనిరోజులు నమోదయ్యాయో, డ్వాక్రా సంఘంలో తల్లి పేరున ఉన్న లోను, ప్రైవేటు అప్పులు. ఇంట్లో ఇంకెంతమంది చదువుతున్నారు, ఎవరు మానేశారు, ఎప్పుడు. ఆ ఆఖరి ప్రశ్న చాలా చెబుతుంది. అక్క తొమ్మిదిలో మానేసి పత్తి చేలకు వెళ్తోందంటే, ఈ అబ్బాయి చదువు ఖర్చు ఇప్పటికే ఒకరు భరించారన్నమాట.

వందకు మార్కులు వేయండి: అవసరానికి 50, చదువుకు 25, నిలబడే తత్వానికి 25. చదువుకు ఎక్కువ వెయిటేజీ ఇస్తే కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చదివిన పిల్లలే వస్తారు. 960 మార్కుల గురుకులం విద్యార్థీ, 820 మార్కులతో సెలవుల్లో మేస్త్రీ పనికి వెళ్లిన ప్రభుత్వ జూనియర్ కాలేజీ విద్యార్థీ మీ ముందుంటే అంకె చూసి తేల్చకండి. నిలబడే తత్వం కొలవడానికి వ్యాసరచన పెట్టొద్దు. దరఖాస్తు ఫారంతో పాటు చిన్న పని ఒకటి ఇవ్వండి: "మీ కాలేజీకి వెళ్లి స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకుని ఫలానా తారీఖులోగా పంపండి." ఎవరు సొంతంగా తెచ్చుకున్నారో, ఎవరి తరఫున మేనమామ ఫోన్ చేశాడో చూస్తే తెలిసిపోతుంది.

దాత చెప్పిన పిల్లల్ని నేరుగా తీసుకోవద్దు. ఎంపిక కమిటీలో దాతలు ఉండకూడదని నియమావళిలోనే రాసుకుంటే తర్వాత మొహమాటం ఉండదు.

అమ్మాయిల విషయంలో ఇంకో మాట. రెండో ఏడాది చివర్లో సంబంధాలు రావడం మొదలవుతుంది. చేరేరోజే తల్లిదండ్రులతో, వీలైతే మేనమామతో కూడా కూర్చుని "నాలుగేళ్లు పెళ్లి మాట ఎత్తం" అనిపించుకోండి. దానికి చట్టబలం లేదు. కానీ పదిమందిలో అన్న మాట ఊళ్లో నిలుస్తుంది.

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు రాగానే దరఖాస్తులు తీసుకోండి. మే నెలంతా ఇళ్లకు వెళ్లడం, పేర్ల దిద్దుబాట్లు, కులం, ఆదాయ పత్రాలు, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు. జూన్‌కల్లా ఒక్కో విద్యార్థికి ఒక ఫైలు, ప్రతి పత్రానికీ అయిదు జిరాక్సులు, స్కాన్ కాపీలు ఫోన్‌లో. కౌన్సెలింగ్ ప్రాసెసింగ్ ఫీజు ఎస్సీ, ఎస్టీలకు 600, మిగతావారికి 1,200. చిన్న మొత్తమే గానీ ఆ పూట లేకపోతే స్లాటు పోతుంది. డిగ్రీకి తెలంగాణలో దోస్త్ (ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్) రిజిస్ట్రేషను 200. జోసా (ఐఐటీ, ఎన్ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్) సీట్లకు అంగీకార ఫీజు వేలల్లో ఉంటుంది, గడువు మూడు నాలుగు రోజులే.

ఈ వారాల కోసం సంస్థలో ఒకరి దగ్గర డెబిట్ కార్డు, రోజువారీ పరిమితి పెంచిన నెట్‌బ్యాంకింగ్, 50,000 దాకా ఎవర్నీ అడగకుండా కట్టే అధికారం ఉండాలి. ఇద్దరు ట్రస్టీల సంతకం కావాలన్న నియమం మిగతా ఏడాదికి మంచిదే. జూలైలో అదే నియమం సీటు పోగొడుతుంది. గడువు రోజు కట్టొద్దు, ముందురోజు మధ్యాహ్నానికే కట్టండి. సర్వరు మొరాయిస్తే ఒక రాత్రి చేతిలో ఉంటుంది. కట్టిన రసీదు డౌన్‌లోడ్ చేసి, సెల్ఫ్ రిపోర్టింగ్ (చేరుతున్నానని ఆన్‌లైన్‌లో నమోదు చేయడం) కూడా పూర్తయిందో లేదో విద్యార్థి లాగిన్‌లో చూడండి. ఫీజు కట్టి రిపోర్టింగ్ మరిచిపోయినా సీటు రద్దే.

సంస్థ కాగితాలు

ట్రస్టు, సొసైటీ, సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ), మూడిట్లో ఏదైనా పనికొస్తుంది. సొసైటీకి 2001 చట్టం ప్రకారం ఏడుగురు కావాలి. ఏడుగురిలో ముగ్గురు రెండేళ్లకు కనిపించకుండా పోతారు. ట్రస్టు తేలిక, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒక పూటలో అవుతుంది. హాస్టల్ లాంటి రాబడి పని పెట్టుకుని, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు అడగాలనుకుంటే సెక్షన్ 8 నయం. ఇద్దరు డైరెక్టర్లు చాలు, లెక్కలు బయటికి కనిపిస్తాయి కాబట్టి నమ్మకం కుదురుతుంది. సంస్థకూ దాతకూ పన్ను మినహాయింపు తెచ్చే, 12ఏ, 80జీ అని అందరూ పిలిచే ఆదాయపన్ను రిజిస్ట్రేషన్లు మొదట తాత్కాలికంగా ఇస్తారు, గడువులోగా మళ్లీ దరఖాస్తు చేసి ఖరారు చేయించుకోవాలి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లు ఆడిటర్ చేత రాయించండి. నగదులో 2,000 మించి తీసుకోవద్దు, దాతకు పన్ను మినహాయింపు పోతుంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు ఈ మినహాయింపు ఎలాగూ లేదు, అది చూపించి చందా అడగడం మానండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల డబ్బు దగ్గర జాగ్రత్త. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషను గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి ముట్టుకోకూడదు. ఆ రిజిస్ట్రేషనుకు మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. అందుకే విరాళం ఫారంలో పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి, బాల్యమిత్రుడైనా సరే.

సీఎస్ఆర్ నిధులకు సీఎస్ఆర్-1 నమోదు, మూడేళ్ల అనుభవం కావాలి. కంపెనీలు ఇచ్చేది ఒక ఏడాదికి. మీ పిల్లలకు కావాల్సింది నాలుగేళ్లకు. ఆ డబ్బు ల్యాప్‌టాపులకు, బ్రిడ్జి తరగతులకు వాడుకుని నెలనెలా వచ్చే చందాల మీద హాస్టల్ నడపండి.

రాబడి: హాస్టల్

ఒకప్పుడు పేద పిల్లలు పట్నంలో వారాలు చేసుకుని చదువుకున్నారు, రోజుకొక ఇంట్లో భోజనం. తర్వాత హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ లాంటివి వచ్చాయి. కూడూ గూడూ ఉంటే చదువు దానంతటదే సాగుతుందన్న ఆ పాత తెలివి ఇప్పటికీ చెల్లుతుంది. నిధికి సొంత రాబడి తెచ్చే వ్యాపారం కావాలంటే మాకు కనిపించే వాటిలో నికరమైనది ఇదే.

నలభై మంచాల హాస్టల్ నెల లెక్క: అద్దె 70,000, సరుకులు, గ్యాసు తలకు 2,900 చొప్పున 1,16,000, వంటమనిషి, సహాయకురాలు 30,000, కరెంటు, నీళ్లు, ఇంటర్‌నెట్ 18,000, వార్డెన్ 15,000, రిపేర్లు 6,000. మొత్తం 2,55,000. ముప్ఫైమంది మామూలు విద్యార్థులు 7,500 చొప్పున కడితే 2,25,000. తరుగు 30,000. అంటే పదిమంది మన పిల్లలు నెలకు తలా 3,000తో ఉంటారు. బయట హాస్టల్లో పెడితే పదిమందికీ కలిపి నెలకు 65,000 అయ్యేది.

వినడానికి బాగుంది కదా. చెడేది ఎక్కడంటే ఖాళీల దగ్గర. ఫీజు కట్టే మంచం ఒకటి ఖాళీ అయితే 7,500 పోతుంది, మిగిలేది 2,900 సరుకులు, నికర నష్టం 4,600. ఎనిమిది ఖాళీ అయితే తరుగు 66,800కి చేరుతుంది, బయట పెట్టడమే చౌక. మే, జూన్‌లలో హాస్టల్ సగం ఖాళీ, అద్దె మాత్రం నిండుగా. అందుకే పది నెలలకే ఫీజు తీసుకుంటూ పన్నెండు నెలల అద్దెను ఆ పదింట్లో పంచి ధర కట్టాలి. పై లెక్కలో అద్దెను నెలకు 84,000గా తిరగరాసి చూడండి, ధర ఎక్కడ ఉండాలో అర్థమవుతుంది. కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో దొరికితేనే తీసుకోండి. మెస్సుకు ఆహార భద్రత సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) అనుమతి, ఈ వ్యాపారానికి విడి ఖాతా పుస్తకాలు తప్పనిసరి. మన పిల్లలెవరో, డబ్బు కట్టే పిల్లలెవరో గదుల కేటాయింపులో, కంచాల్లో ఎక్కడా తెలియకూడదు.

తిరిగి కట్టడం

చదివి ఉద్యోగం వచ్చినవాళ్లు తిరిగి నిధిలో వేయాలన్న ఆలోచన కొత్తది కాదు. జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి విదేశీ చదువులకు రుణ స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. అమెరికాలో యేల్ యూనివర్సిటీ 1971లో ఇంకో దారి తొక్కింది: తీసుకున్న ప్రతి 1,000 డాలర్లకు ఆదాయంలో 0.4 శాతం ఏటా కట్టాలి, బ్యాచి మొత్తం బాకీ తీరేదాకా లేదా 35 ఏళ్లు. ఎగ్గొట్టినవాళ్ల భారం కట్టేవాళ్ల మీద పడింది, కట్టేవాళ్లకు ఒళ్లు మండింది, చివరికి యూనివర్సిటీయే మిగతా బాకీ వదిలేసింది. ఒకరి బాకీ ఇంకొకరికి ముడిపెట్టొద్దు.

వడ్డీ వేయొద్దు, వేస్తే రుణ వ్యాపారం కిందికి వచ్చి చట్టం చిక్కులు మొదలవుతాయి. జీతం 25,000 దాటాక నెలకు 2,000, అయిదేళ్లు, అంతకు తక్కువ జీతమైతే ఏమీ వద్దు: ఇలా మాట తీసుకుంటే చాలు. అయిదేళ్లకు 1,20,000 అవుతుంది, అంటే ఒకరు అయిదేళ్లు కట్టింది ఇంకొకరికి ఒక్క ఏడాది. ఇరవైమంది పాత విద్యార్థుల్లో పన్నెండుమంది కట్టినా ఏటా 2.88 లక్షలు, ఇద్దరి ఖర్చు చిల్లర. నిధి తన కాళ్ల మీద తాను నిలబడుతుందని దాతలకు చెప్పకండి, నిలబడదు. కట్టే పాత విద్యార్థి వల్ల వచ్చే లాభం వేరే ఉంది: ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతుందో, ఏ కంపెనీ ఏం అడుగుతుందో జూనియర్లకు చెప్పేది వాళ్లే.

సెమిస్టర్లు గడిచేకొద్దీ

డబ్బు విద్యార్థి చేతికి మొత్తంగా ఇవ్వొద్దు. ఫీజు కాలేజీ ఖాతాకు, వివరణలో రోల్ నంబరు రాసి; హాస్టల్ హాస్టల్‌కు; రాకపోకలు, జిరాక్సుల లాంటి చేతిఖర్చు నెలకు ఇంతని 5వ తేదీన విద్యార్థి ఖాతాకు. ఒక నెల ఆలస్యమైతే పిల్లలు అడగరు, మెస్సు మానేస్తారు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో గణితం, ఇంజనీరింగ్ డ్రాయింగ్ దగ్గర తడబడతారు. లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాదు. ఆగస్టులో ఆరు వారాలు, రోజుకు గంటన్నర, ప్రశ్నపత్రాల ఇంగ్లిష్ మీద మాత్రమే పనిచేయించండి. స్పోకెన్ ఇంగ్లిష్ తర్వాత చూసుకోవచ్చు. రెండు బ్యాక్‌లాగులు వచ్చాయని సాయం ఆపొద్దు. హాజరు పడిపోతే మాత్రం అదే వారం మాట్లాడండి. జేఎన్‌టీయూహెచ్‌లో 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపి ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, 65 కిందికి పోతే డిటెయినే, ఏడాదీ పోతుంది, స్కాలర్‌షిప్పూ పోతుంది. హాజరు పట్టిక ప్రతి నెలా మీరే అడిగి తెప్పించుకోండి.

ఆఖరి సెమిస్టర్ మొదలవగానే బకాయిల చిట్టా రాయించండి: ఏ ఏడాది రీయింబర్స్‌మెంటు వచ్చింది, ఏది రాలేదు, కాలేజీ లెక్కలో ఎంత చూపిస్తోంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా బకాయి ఉందంటూ ఆపేవాళ్లు ఆపుతూనే ఉన్నారు. కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు. రీయింబర్స్‌మెంటు మంజూరై విడుదల కావాల్సి ఉందని చూపే ఈపాస్ స్టేటస్ ప్రింటు, యూజీసీ నోటిఫికేషన్ కాపీ, ప్రిన్సిపాల్ పేరున ఉత్తరం, మూడూ కలిపి ఇచ్చి ఇన్‌వార్డ్ నంబరు తీసుకోండి. పది రోజుల్లో కదలకపోతే అదే కట్ట యూనివర్సిటీ రిజిస్ట్రారుకు పంపండి. చేరాల్సిన ఉద్యోగం తేదీ మరీ దగ్గరపడితే చేబదులు పెట్టెలోంచి కట్టేసి ముందు సర్టిఫికెట్లు విడిపించండి, ఉత్తర ప్రత్యుత్తరాలు తర్వాత నడపొచ్చు.